పాత బండి వెనక సస్పెన్షన్: ఈ ముక్క ఎక్కడిది?

ఎవరో విప్పి వదిలేసిన పాత మోటార్ బైకు చేతికొస్తే రిపేరు కన్నా ముందు గుర్తుపట్టడమే పెద్ద పని. డబ్బాలో ఒక ఇనుప గొట్టం, రెండు పల్చటి వాషర్లు, అర్ధచంద్రాల్లాంటి జత ముక్కలు, రెండు చివర్లా రంధ్రాలున్న పట్టీలు. నేనూ మొదట్లో పేర్ల కోసమే వెతికేవాణ్ని. ఇప్పుడు ముందుగా అరుగుదల చూస్తాను. ముక్క మీద నున్నగా మెరిసే చోట ఇంకో ఇనుము రాసుకుంటూ తిరిగిందని అర్థం. చివర్లలో గుండ్రటి నొక్కుడు ముద్ర ఉంటే అక్కడ ఫ్రేమో వాషరో గట్టిగా బిగిసి ఉండేది. గ్రీజు చారలు ఎక్కడ ఆగాయో సీలు అక్కడ కూర్చునేది. అందుకే కిరోసిన్‌లో కడగకముందే ప్రతి ముక్కనూ రెండు వైపులా ఫోటో తీసుకోండి. కడిగాక ఈ ఆనవాళ్లలో సగం పోతాయి.

సమస్య: అంతా బిగించాక ఒక గొట్టం మిగిలింది. స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) ఫ్రేముకు కలిపే పివట్ బోల్టు బిగిస్తే అది కదలడం లేదు.

ఆ గొట్టం లోపలి కాలర్. వరస ఇలా ఉంటుంది: మధ్యలో బోల్టు, దాని మీద కాలర్, కాలర్ మీద బుష్ (రాపిడిని తట్టుకునే గొట్టపు తొడుగు) లేదా నీడిల్ బేరింగ్ (సన్నటి సూదుల్లాంటి రోలర్లున్నది), ఆ పైన స్వింగ్ ఆర్మ్. బోల్టు బిగిస్తే ఫ్రేము నొక్కేది కాలర్‌నే. కాలర్ కదలకుండా ఉంటే స్వింగ్ ఆర్మ్ దాని చుట్టూ తిరుగుతుంది. కాలర్ లేకపోతే ఫ్రేము నేరుగా స్వింగ్ ఆర్మ్‌ను పట్టేస్తుంది. "గట్టిగా ఉందిలే" అని అలాగే వదిలేస్తే బండి ప్రతి గుంతలోనూ మొండిగా కొడుతుంది.

వెర్నియర్‌తో కొలవండి. బుష్‌లు, పక్క వాషర్లు కలిపిన మొత్తం వెడల్పు కన్నా కాలర్ వెంట్రుకవాసి పొడవుండాలి. ఆ పల్చటి వాషర్లు థ్రస్ట్ వాషర్లు. అవి తప్పిపోతే పక్కలకు ఊగులాట వస్తుంది. షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు), చక్రం తగిలించకముందే స్వింగ్ ఆర్మ్‌ను పైకెత్తి వదలండి. తన బరువుకు తానే నెమ్మదిగా దిగాలి, పక్కకు మాత్రం కదలకూడదు.

ఒక మినహాయింపు ఉంది. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతికి ఉంటే అది రబ్బరు బుష్. అందులో ఏదీ తిరగదు, రబ్బరే మెలితిరుగుతుంది. కాబట్టి ఎత్తి వదిలే పరీక్ష దీనికి వర్తించదు. గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పివట్ నట్టును బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించండి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

సమస్య: వంపుల్లో వెనక భాగం తోక ఊపినట్టు ఊగుతోంది.

చాలామంది వెంటనే షాక్‌లు మార్చేస్తారు. ముందు సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని పక్కలకు కుదపండి, ఇంకో చేతి వేలు స్వింగ్ ఆర్మ్, ఫ్రేము కలిసే సందులో పెట్టండి. సందు దగ్గర కదలిక తెలిస్తే పివట్ బుష్ అరిగింది. స్వింగ్ ఆర్మ్ నిలకడగా ఉండి చక్రం మాత్రమే కదిలితే చక్రం బేరింగ్ పోయింది. బుష్ మార్చేటప్పుడు కాలర్ మీద గోరు గీసి చూడండి. గాడి తగిలితే కాలర్ కూడా మార్చాలి, లేకుంటే కొత్త బుష్‌ను అది మళ్లీ తినేస్తుంది.

సమస్య: ఎముక ఆకారపు పట్టీలు రెండు, మూడు రంధ్రాల ముక్క ఒకటి దొరికాయి.

మీది ఒకే షాక్ ఉన్న బండి. 1980ల తొలినాళ్లలో హోండా ప్రో-లింక్, కవాసాకి యూని-ట్రాక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ పేర్లతో ఇలాంటి లింకేజ్ అమరికలు (షాక్‌నూ స్వింగ్ ఆర్మ్‌నూ కలిపే ముక్కల వరస) వచ్చాయి. మూడు రంధ్రాల ముక్క రాకర్, పట్టీలు లింకులు. చాలా బండ్లలో ఇవి చక్రానికి ముందు, కిందుగా ఉండడంతో బురద నేరుగా వీటి మీదే పడుతుంది. నీడిల్ బేరింగ్‌లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. సూదులు ఎర్రబారినా గుంతలు పడినా మార్చడం తప్ప దారి లేదు. అంచు మీద నంబరు చదవండి: హెచ్‌కె 2016 అంటే 20 మి.మీ. కాలర్‌కు సరిపోయేది, వెడల్పు 16 మి.మీ. పట్టీల పొడవు మారితే వెనక ఎత్తే మారిపోతుంది, దొరికినవేవో పెట్టేయకండి.

సమస్య: రెండు చివర్లా రంధ్రాలున్న పొడవాటి కడ్డీ ఒక్కటే ఉంది.

అది సస్పెన్షన్‌ది కాదు, బ్రేక్ టార్క్ ఆర్మ్. డ్రమ్ బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచుతుంది. ఇది లేకుండా బ్రేక్ వేస్తే ప్లేటే చక్రంతో పాటు తిరిగిపోతుంది. స్ప్లిట్ పిన్‌తో (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) సహా బిగించనిదే బండి కదపకండి.

సమస్య: గుంత దాటాక రెండు మూడు సార్లు ఎగురుతోంది.

స్ప్రింగ్ బాగానే ఉంది, షాక్ లోపల ఆ స్ప్రింగ్ ఊపును అణిచే డ్యాంపర్‌లో ఆయిల్ పోయింది. రాడ్ మీద జిడ్డు కనిపిస్తుంది. షాక్ మీది మెట్లున్న రింగు తిప్పితే స్ప్రింగ్ ముందస్తు బిగుతు పెరుగుతుందే తప్ప ఎగురుడు తగ్గదు. డబ్బాలోని అర్ధచంద్రాలు ఈ షాక్‌వే, నొక్కిపెట్టిన స్ప్రింగ్‌ను పైన ఆపి ఉంచేవి. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా వాటిని తీయబోతే ఎగిరి ముఖానికి తగులుతాయి. గ్యాస్ నింపిన షాక్ అయితే కోయడం, కాల్చడం, రంధ్రం చేయడం ఏదీ వద్దు. రెండు షాక్‌ల బండి అయితే కొత్తవి రెండూ జతగా వేసి, రెండు వైపులా రింగును ఒకే మెట్టులో ఉంచండి.