ఫ్రెండ్‌తో బేరంలో మనసులోనే ఉంచుకున్న షరతు చెల్లుతుందా? యూదుల ధర్మశాస్త్రం ఏమంటుందంటే

కూకట్‌పల్లి రూముల్లో జరిగేదే. వీసా వస్తుందన్న నమ్మకంతో ఒకతను బైక్‌ని ఫ్రెండ్‌కి తక్కువ రేటుకి అమ్మేస్తాడు, ఎందుకు అమ్ముతున్నాడో మాత్రం చెప్పడు, తీరా వీసా రాకపోతే "వెళ్లిపోతున్నాననే కదరా ఇచ్చింది" అని వెనక్కి అడుగుతాడు, ఇక ఇద్దరికీ మాటలుండవు. యూదు పండితుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌లోనూ ఇలాంటి కేసే ఉంది. ఇశ్రాయేలు దేశానికి వెళ్లి స్థిరపడదామని ఒకాయన ఆస్తి అమ్మాడు, అమ్మేటప్పుడు ఆ మాట పైకి అనలేదు. మనసులో ఉన్న మాట మాట కాదని రావా అనే పండితుడు తేల్చేశాడు.

అందుకే డబ్బు చేతులు మారకముందే షరతు చెప్పండి, అదీ రెండువైపులా. బైబిల్లో ఇశ్రాయేలు నాయకుడు మోషే గాదు, రూబేను గోత్రాల గురించి అలాగే మాట్లాడాడు: యుద్ధానికి యొర్దాను నది దాటి వస్తే ఇవతలి గిలాదు ప్రాంతం వాళ్లది, రాకపోతే వాళ్ల వాటా అవతలి కనానులోనే. షరతంటే ఇలా ఉండాల్సిందేనని రబ్బీ (యూదు మతగురువు) మెయీర్ పట్టుబట్టాడు. "వీసా వస్తే బండి నీది, రాకపోతే నీ డబ్బు నీకు, నా బండి నాకు" అని వాట్సాప్‌లో పెట్టేయండి. మనవాళ్లు ఆ రెండో సగం అపశకునమని మింగేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

చెప్పకపోయినా చెల్లే సందర్భం ఒకటుంది. పరదేశం వెళ్లిన కొడుకు చనిపోయాడని విని తండ్రి ఆస్తంతా వేరేవాళ్లకి రాసిచ్చాడు, తర్వాత కొడుకు తిరిగొచ్చాడు. బతికున్నాడని తెలిస్తే రాసేవాడే కాదు కాబట్టి ఆ దానం చెల్లదన్నాడు రబ్బీ షిమోన్ బెన్ మెనస్యా. ఎవరి మనసులోనైనా అదే ఉంటుంది కాబట్టి నోటితో చెప్పక్కర్లేదని తర్వాతి వ్యాఖ్యాతలు వివరించారు. మీ విషయంలోనూ దారినపోయే ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుందా అని చూసుకోండి. రాదంటే బైక్‌ని సాయంగా అడగొచ్చు, హక్కుగా కాదు.

పెళ్లి చదివింపుల దగ్గర ఇంకా జాగ్రత్త. పెళ్లికొడుక్కి స్నేహితులు తెచ్చే కానుకని, వాళ్ల పెళ్లప్పుడు అతను తిరిగివ్వకపోతే కోర్టులో వసూలు చేసుకోవచ్చని తాల్ముద్‌కి మూలమైన చట్టాల సంకలనం మిష్నా చెబుతుంది; తిరిగిచ్చేది ఎక్కువైనా దానికి వడ్డీ నిషేధం వర్తించదని తాల్ముద్ అంటుంది. ద్రాక్షారసం, నూనె జాడీలు పంపితే మాత్రం అది ప్రేమతో చేసిన పని, కోర్టులో వసూలు చేసుకోవడం కుదరదు. కాబట్టి స్నేహితుడి పెళ్లిలో కవరిచ్చేటప్పుడే అది చదివింపా, చేబదులా, ఊరికే ఇస్తున్నదా అన్నది అతనికి ఒక్క ముక్కలో చెప్పేయండి.