పాత పికప్ వైరింగ్: లోపం పట్టుకోవడం ఎలా, కొత్త వైర్లు లాగడం ఎలా?

మా పాత డీజిల్ పికప్‌లో బ్రేకు తొక్కితే వెనక ఇండికేటర్ మసకగా వెలిగేది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దానికి తాళం వేస్తూ ఆరి వెలిగేది. "అన్నా, బండికి పిచ్చెక్కింది" అన్నాడు మా డ్రైవరు. చూపించిన మొదటి చోట ఫ్లాషర్ (ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే డబ్బీ) మార్చారు. రెండో చోట స్విచ్ మార్చారు. మూడో చోట మొత్తం వైరింగ్ పీకేసి కొత్తది వేయాల్సిందే అన్నారు. అసలు సంగతి ఏమిటంటే, వెనక లైటు ఎర్త్ బోల్టు కింద వేలి గోరంత చిలుము పట్టింది. గీకి బిగిస్తే పిచ్చి కుదిరింది.

జరిగింది ఇదీ. బల్బులోకి వెళ్లిన కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ తిరుగు దారినే ఎర్త్ అంటాం. ఎర్త్ దగ్గర దారి మూసుకుపోతే పక్క బల్బు ఫిలమెంటులో దూరి మరో దారిన పోతుంది. అందుకే ఒకటి వేస్తే ఇంకోటి వెలుగుతుంది. పాత బండిలో ఇలాంటి వింతలు కనిపిస్తే ముందు ఎర్త్‌ను అనుమానించండి, వైర్ల సంగతి తర్వాత.

ఇక్కడ చెప్పేది టాటా 207, పాత బొలెరో పికప్ లాంటి 12 వోల్టుల, కంప్యూటర్ లేని డీజిల్ బళ్ల గురించి. ఈసీఎం (ఇంజనును నడిపే కంప్యూటర్), ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి మీద ఈ టెస్ట్ ల్యాంప్ పద్ధతులు వాడకండి.

కావలసినవి

ఒక డిజిటల్ మల్టీమీటరు, 10 నంబరు స్పానరు, ఎమరీ పేపరు. వీటితో పాటు ఒక టెస్ట్ ల్యాంప్. దాన్ని కొనక్కర్లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు మూరల వైరు రెండు ముక్కలు, చివర క్లిప్పులు ఉంటే చాలు. మీటరు ఉండగా ఇదెందుకు అంటారేమో. వైరులో పది పోగులు తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు కరెంటు లాగదు. బల్బు ఒకటిముప్పావు ఆంప్స్ లాగుతుంది కాబట్టి కుళ్లిన వైరు మీద మిణుకుమని ఊరుకుంటుంది. ఆ తేడా చూసే లోపం పట్టుకోవాలి.

1. బ్యాటరీ

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండా చార్జ్ ఉన్నట్టు. 12.4 ఉన్నా పర్లేదు. 12 కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే, ముందు చార్జింగ్ పెట్టించండి. నీరసపడ్డ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేస్తే అన్నీ తప్పుడు లెక్కలే వస్తాయి. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీకి కాలం చెల్లినట్టే అనుకోవచ్చు.

టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగండి. ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. బిగించే ముందే లోపల రాయడం కాదు. విప్పేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలితే వచ్చే మెరుపు చూసినవాళ్లకు ఈ వరస మళ్లీ చెప్పక్కర్లేదు.

2. డైనమో

ఆల్టర్నేటర్ అనే పేరున్నా మన దగ్గర అందరూ డైనమో అనే అంటారు. ఇంజను స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. 13 కూడా దాటకపోతే ముందు బెల్టు, తర్వాత డైనమో వెనక లగ్గులు (వైరు కొనకు ఉండే లోహపు ముక్కలు) చూడండి. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు. బల్బులు తరచూ మాడడం, బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గిపోవడం దాని గుర్తులే.

చాలామందికి తెలియనిది ఒకటుంది. పాత బళ్లలో ఎక్కువవాటికి డైనమో మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు డ్యాష్‌బోర్డులోని ఎర్ర బ్యాటరీ బల్బు మీదుగానే వెళ్తుంది. తాళం తిప్పినప్పుడు ఆ బల్బు వెలగడం లేదంటే, పదుల రూపాయల బల్బు కోసం వేల రూపాయల డైనమో మార్చే ప్రమాదం ఉంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "బండి ఆగలేదు, డైనమో బాగుంది" అనే పరీక్ష మాత్రం చేయనివ్వకండి. డైనమో లోపలి డయోడ్లు కాలిపోతాయి. పైగా డీజిల్ ఇంజను డైనమో పనిచేయకపోయినా తిరగొచ్చు, కాబట్టి అదసలు పరీక్షే కాదు.

3. ఎర్త్

ఇక్కడ తొందరపడొద్దు. మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక వైరు బ్యాటరీ మైనస్ మొన మీద, రెండోది ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట ఆనించండి. సెల్ఫ్ కొట్టించండి. 0.2 లోపు చూపిస్తే బాగున్నట్టు. 0.5 దాటితే ఆ దారిలో ఎక్కడో చిలుమో, వదులో ఉంది.

ఇంత చిన్న అంకెకు అంత పట్టింపు ఎందుకంటే, డీజిల్ సెల్ఫ్ మోటారు 200 ఆంప్స్ లాగుతుందనుకోండి. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మోటారు మూలుగుతుంది, మనం బ్యాటరీని తిడతాం. ఇంకో గుర్తు: సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో వేడెక్కితే ఇంజను ఎర్త్ పట్టీ తెగినట్టే. కరెంటు ఆ కేబుల్లోంచి తిరిగి వస్తోంది.

చూడాల్సిన ఎర్తులు: బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఇంజను నుంచి ఛాసిస్‌కి, క్యాబిన్ నుంచి ఛాసిస్‌కి, వెనక లైట్ల దగ్గర ఒక్కొక్కటి. బండికి కొత్తగా రంగు వేయించాక మొదలైన లోపమైతే లగ్గు కింద పెయింటు ఉందనే లెక్క. విప్పి, ఇనుము తళతళలాడేదాకా ఎమరీతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించండి.

4. ఫ్యూజు పదేపదే పోతుంటే

సిగరెట్ పెట్టె రేకు చుట్టిన ఫ్యూజులు నేను ఎన్నో చూశాను. ఆ రేకుతో ఫ్యూజు కాలదు, దాని బదులు వైరు కాలుతుంది. కాలిన ఫ్యూజు తీసి, అది కూర్చున్న చోట ఉన్న రెండు కొనల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. ఆ లైన్లో షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది. ఇక ఫ్యూజు పెట్టె నుంచి మొదలుపెట్టి వైరింగ్‌ను జానెడు జానెడు కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు మసకబారుతుందో అక్కడే షార్ట్. క్యాబిన్ రేకులోంచి వైరు దూరే కన్నాలు, ఛాసిస్ అంచులు, ఎలుకలు గూడు పెట్టే సీటు కింది మూలలు ముందు చూడండి.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే మైనస్ తీసి, మొనకూ కేబులుకూ మధ్య మీటరును 10 ఆంప్స్ మీద పెట్టండి. అన్నీ ఆపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంప్స్ లోపే ఉండాలి. ఎక్కువ ఉంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ అంకె ఎప్పుడు పడుతుందో చూడండి. ఏ ఫ్యూజుకీ పడకపోతే డైనమో లావు వైరు తీసి చూడండి. మీటరు అలా ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి.

5. కొత్త వైర్లు లాగడం

ఇన్సులేషన్ పెళుసుబారి వంచితే విరుగుతున్నా, అడుగడుక్కీ టేపు జాయింట్లున్నా మార్చక తప్పదు. కానీ అంతా ఒకేసారి పీకొద్దు. ముందు ఫోటోలు తీయండి, ప్రతి కొనకూ కాగితం టేపు చుట్టి నంబరు వేయండి, అదే నంబరుతో బొమ్మ గీసుకోండి. తర్వాత ఒక్కో లైను మార్చి, వెలిగించి చూసి, రెండోదానికి వెళ్లండి.

వైరు ఆటోమొబైల్‌దే కొనండి. ఇంటి వైరు ఇంజను వేడికీ, డీజిల్ తడికీ తట్టుకోదు. పార్కింగ్, ఇండికేటర్లకు 1 స్క్వేర్ ఎం.ఎం. చాలు. హారన్‌కు 1.5, హెడ్‌లైట్ మెయిన్‌కు 2.5 వేయండి. డైనమో, సెల్ఫ్ కేబుళ్లకు పాతవాటి లావు తగ్గకూడదు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ దానికీ మధ్య ఉన్న వైరును అది కాపాడటం కుదరదు.

కొనలకు లగ్గు పెట్టి క్రింపింగ్ ప్లయరుతో నొక్కండి. పన్నుతో పీకి, మెలితిప్పి, టేపు చుట్టే జాయింట్లు మన గుంతల రోడ్ల మీద ఏడాది నిలవవు. సోల్డరింగ్ చేసినా, సీసం ఆగిన చోట వైరు బిరుసెక్కి అదురుకు అక్కడే తెగుతుంది. పైన హీట్ ష్రింక్ స్లీవు వేయండి. రేకు కన్నాల్లో వైరు కోసుకుపోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు), వైర్ల కట్టకు ముడతల పైపు, జానెడుకో క్లిప్పు పెట్టండి. సైలెన్సర్ పైపు దరిదాపుల్లోకి పోనివ్వకండి. ఇంజను అదురుతుంది కాబట్టి ఛాసిస్ నుంచి ఇంజనుకు వెళ్లే చోట కాస్త వదులు ఉంచాలి.

ఎలాగూ చేయి పెట్టారు కాబట్టి హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు) వేసేయండి. 55 వాట్ల బల్బులు రెండంటే 9 ఆంప్స్. పాత బళ్లలో అదంతా స్టీరింగ్ పక్కన ఉన్న చిన్న స్విచ్చులోంచే పోతుంది, అందుకే స్విచ్చు కరిగి వాసన వస్తుంది. రిలే కాళ్ల దగ్గర నంబర్లు ఉంటాయి: 86 కి హెడ్‌లైటుకు వచ్చే పాత వైరు, 85 కి ఎర్త్, 30 కి బ్యాటరీ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజు మీదుగా కొత్త వైరు, 87 నుంచి బల్బులకు. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, మొత్తం రెండు రిలేలు. మా బండికి అదే బల్బులతో రాత్రి రోడ్డు కొత్తగా కనిపించింది.

6. బ్యాటరీ కలిపే ముందు

మైనస్ నేరుగా పెట్టేయకండి. అన్నీ ఆపి, మొనకూ కేబులుకూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. గట్టిగా వెలిగితే ఎక్కడో ప్లస్ బాడీకి తగులుతోంది, ముందు అది వెతకండి. వెలగకపోతే కలిపి, ఒక్కో స్విచ్ వేసి చూడండి. తర్వాత అరగంట లైట్లు వేసి గతుకుల రోడ్డు మీద తిప్పుకొచ్చి, ప్రతి కనెక్టరునూ చేతి వెనక వైపుతో తాకండి. వేడిగా తగిలినదాన్ని మళ్లీ విప్పి నొక్కాలి.

గీసిన బొమ్మను ప్లాస్టిక్ కవరులో పెట్టి బండిలోనే ఉంచండి. మాది డ్రైవరు సీటు వెనక ఉంది. వెనక లైటు ఎర్త్ బోల్టు దగ్గర మా వాడు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "పిచ్చి ఇక్కడే" అని రాసి పెట్టాడు.