ఓయో, దహోమీ యుద్ధాలు అర్థం కావాలంటే ముందు గుర్రం దారి గీయండి

పద్దెనిమిదో శతాబ్దపు పశ్చిమ ఆఫ్రికా అనగానే మా క్లాసులో పిల్లలు రాజుల పేర్లు బట్టీ పట్టడం మొదలుపెడతారు. పుస్తకాలు మూయించి, మ్యాప్ గీయమంటాను.

ఈశాన్యాన ఓయో రాజ్యం పెట్టండి, ఇప్పటి నైజీరియాలో. నైరుతిన దహోమీ రాజ్యం రాజధాని అబోమే, ఇప్పటి బెనిన్‌లో. అక్కణ్ణుంచి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు పోతే విదా రేవు. ఇక అడవికి రంగు వేయండి. పడమట అసాంటే రాజ్యం (ఇప్పటి ఘనా) వైపు దట్టమైన అడవి, తూర్పున లాగోస్ దాటాక మళ్లీ అడవి. మధ్యలో అబోమే ఉన్న చోట మాత్రం అడవి తెగిపోయి, గడ్డినేల దాదాపు సముద్రం దాకా దిగుతుంది. ఈ ఖాళీ చూపించకుండా గీస్తే నేను మార్కులు వేయను. ఓయో బలమంతా గుర్రాలదే. దట్టమైన అడవిలో అవి కదల్లేవు, ట్సెట్సీ ఈగ కుడితే జబ్బుపడి చస్తాయి.

మ్యాప్ పక్కన నెలలు రాయండి. సుమారు నవంబరు నుంచి మార్చి దాకా పొడి కాలం, దండయాత్రల కాలం. వానలు దిగితే ఓయో గుర్రాలు వెనక్కి మళ్లాల్సిందే. 1726లో ఓయో దాడికి దహోమీ రాజు అగజా ఎదురు నిలిచి ఓడిపోయాడు. తర్వాతి దాడుల్లో ఎత్తు మార్చాడు: జనంతో సహా పొదల్లోకి తప్పుకుని వానల దాకా కాలం గడిపేయడం. ఓయో గెలుస్తోంది కానీ అక్కడ నిలవలేకపోతోంది. అగజా దక్కుతున్నాడు కానీ ప్రతిసారీ ఊళ్లు వదిలి పారిపోతే రాజ్యం ఎలా నడుస్తుంది? 1730లో సంధి ఎందుకు కుదిరిందో ఇంక నేను చెప్పక్కర్లేదు, పిల్లలే చెప్పేస్తారు.

సంధిని మాత్రం ఖాతా పుస్తకంలా చదవాలి. ఒక గడిలో ఎవరు ఏం ఇచ్చారు: దహోమీ ఓయోకు కప్పం కడుతుంది, 1727లో గెలిచిన విదాను ఉంచుకుంటుంది. రెండో గడిలో హామీ: రాచకుటుంబాల మధ్య పెళ్లిళ్లు, పైగా అగజా కొడుకు తెగ్బెసును ఓయోకు బందీగా పంపారని అక్కడి కథనాలు చెబుతాయి. మూడో గడిలో మాట తప్పిన తేదీలు. దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకేమో ఇదే ముఖ్యం. ఓయో మళ్లీ దాడులు చేసింది, 1748లో మళ్లీ ఒప్పందం కుదిరింది, 1823 ప్రాంతంలో దహోమీ రాజు గెజో కప్పం కట్టడం మానేశాడు.

ఇంకో గడి కూడా గీయండి: యుద్ధఖైదీలు ఏమయ్యారు? ఎంతోమంది విదా రేవులో ఓడలెక్కారు. 1727లో అగజాను కలిసి, చూసినదంతా రాసిపెట్టిన విలియం స్నెల్‌గ్రేవ్ బానిసల ఓడ కెప్టెన్. అతని మాట వాడుకునేటప్పుడు అతని వ్యాపారం కూడా పక్కనే రాసుకోండి.

ఇవే గడులు ఇప్పటి నైజీరియాలో యోరుబా రాజ్యాల మధ్య 1877లో మొదలైన కిరిజీ యుద్ధానికి నింపి చూడండి. ఒకవైపు ఇబాదాన్, మరోవైపు ఎకిటి కూటమి 1886లో సంధి చేసుకున్నా, ఓఫా ఊరి దగ్గర ఇలోరిన్ రాజ్యంతో ఇబాదాన్ తగువు తెగలేదు. శిబిరాలు ఎత్తేసింది 1893లో. ఏ గడి ఖాళీగా మిగిలిందో మా పిల్లలు రెండు నిమిషాల్లో పట్టేస్తారు.