పడవను మరో నీటికి తరలించే ముందు చేయవలసిన పరిశీలన, శుభ్రత

చెన్నై ఉత్తరాన ఎన్నూరు క్రీక్ (సముద్రపు పాయ) అడుగున పరచుకున్న ‘చార్రు మస్సెల్’ అనే ఆల్చిప్ప, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా తీరాలకు చెందిన జీవి. అది గుత్తులుగా పెరిగి బురద నేలను కప్పివేయడంతో రొయ్యలకు, స్థానిక ఆల్చిప్పలకు చోటు కరవైంది. మంచినీటిలో గుర్రపు డెక్క తెచ్చే నష్టం ఇంతకు తక్కువేమీ కాదు. ఇలాంటివి పడవలకు అంటుకుని ఒక నీటి నుంచి మరో నీటికి చేరగలవు. కండలేరు నుంచి తెలుగు గంగ కాలువ ద్వారా వచ్చే కృష్ణా జలాలు పూండి జలాశయంలో చేరి, అక్కడి నుంచి రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులకు వెళతాయి కనుక, ఒక చోట పడిన మొక్క ముక్క అక్కడే ఆగిపోతుందని అనుకోలేము. ఎన్నూరును, పులికాట్‌ను బకింగ్‌హామ్ కాలువ ఎలాగూ కలుపుతోంది కదా, పడవను కడిగి ప్రయోజనమేమిటని అడిగేవారున్నారు. లారీ మీద నెల్లూరు వైపు చెరువుకు వెళ్లే ఫైబర్ పడవకు ఆ వాదన వర్తించదు.

పరిశీలన పడవను గట్టుకు లాగిన చోటనే, వాహనం ఎక్కించక ముందే జరగాలి. ఇల్లు చేరాక చూద్దామనుకుంటే దారి పొడవునా నీరు కారుతూనే ఉంటుంది. కంటికి కనిపించేవాటి కంటే చేతికి తగిలేవి ముఖ్యం: పడవ అడుగును అరచేత్తో తడిమినప్పుడు గరుకు కాగితంలా తగిలితే, అవి ఇప్పుడే అతుక్కున్న పిల్ల ఆల్చిప్పలు కావచ్చు. ప్రొపెల్లరు ఇరుసు, ఇంజను చల్లబడేందుకు నీరు పీల్చుకునే రంధ్రాలు, లంగరు కొక్కేలు, తాడు పురుల సందులు, కూర్చునే పలకల కింది భాగం, ట్రైలర్ చక్రాలు తప్పక చూడాలి.

దొరికిన మొక్కలను చేత్తో ఏరి, ఆల్చిప్పలను చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకాలి. ఇనుప పలక ఫైబర్ పైపూతను చెరుపుతుంది. తీసినదంతా గోనెసంచిలో వేసి నీటికి దూరంగా ఎండబెట్టాలి తప్ప, మళ్లీ ఒడ్డు నీటిలోకి విసరకూడదు. గుర్రపు డెక్క చిన్న ముక్క నుంచే తిరిగి మొలవగలదు. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి.

నిలిచిన నీటి విషయంలోనే ఎక్కువమంది అశ్రద్ధ చేస్తారు. ఆల్చిప్పల పిల్లలు తొలి దశలో నీటిలో తేలుతూ, కంటికి కనిపించనంత చిన్నగా ఉంటాయి. కాబట్టి పడవ అడుగున మిగిలిన చెంబెడు నీరు సైతం వాటికి చాలు. అడుగు బిరడా తీసి, ముందు భాగాన్ని ఎత్తి నీరంతా పోనివ్వాలి. ఔట్‌బోర్డ్ ఇంజనును (పడవ వెనుక బయట బిగించేదాన్ని) నిటారుగా నిలిపితే లోపలి నీరు దిగిపోతుంది. చేపల పెట్టె, ఎర ఉంచిన డబ్బా కూడా అక్కడే ఖాళీ చేయాలి.

తరువాత కడగడం. వీలైతే 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిని వాడాలి, అయితే ఆ వేడి గొట్టం మూతి దగ్గర కాక పడవ ఉపరితలం మీద ఉండాలి. కడిగిన నీరు కాలువలోకి పోకుండా నేలలో ఇంకేచోటు ఎంచుకోవాలి. నీరు పీల్చుకునే రంధ్రాలకు గొట్టాన్ని బిగించే అమరికతో ఇంజనులోకి మంచినీటిని పంపి, దాన్ని నడపాలి. బ్లీచింగ్ పొడి జోలికి పోవద్దు: అది అల్యూమినియాన్ని తింటుంది, నీటిలో కలిస్తే చేపలకూ హాని.

అన్నిటిలో నేను ఎక్కువగా నమ్మేది ఆరబెట్టడాన్నే. మంచి ఎండలో కనీసం 5 రోజులు పడవ పూర్తిగా పొడిగా ఉండాలి; తాడును చుట్టగా వదలక విప్పి పరచాలి, వలలను మడతలు లేకుండా ఆరవేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెన్నైలో ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది గనుక 5 రోజుల లెక్క సరిపోదు, వేలికి తడి తగలనంత వరకు ఆగాలి. మూసుకున్న చిప్పలో జీవి కొన్ని రోజులు నీరు లేకుండానే బతుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ఒడ్డునుండే యాంత్రిక పడవలకు, అడుగు మొత్తం గీకి, పాత రంగు పెచ్చులను నీటిలో పడకుండా ఏరి, కొత్త పూత వేయడానికి అంతకంటే అనువైన కాలం లేదు.

చెన్నై చేపల రేవు కాశిమేడు వంటి చోట పాత పడవ కొనేవారు ధర మాట్లాడే ముందే దాని అడుగును చేత్తో తడిమి చూడాలి. తెలియని చిప్ప కనిపిస్తే ఫొటో తీసి, ఒకటి రెండు చిప్పలను భద్రపరచి, మత్స్యశాఖ కార్యాలయంలో చూపించాలి.