పాత ఆకురాయితో చాకు తయారు చేయడం ఎలా?

దొరికిన ప్రతి ఇనప ముక్కా చాకుకు పనికిరాదు. ఊచలు, మేకులు, నీళ్ల గొట్టాలు మెత్తటి ఇనుము. ఎంత కాల్చి ముంచినా గట్టిపడవు. జింకు పూత ఉన్నదాన్నయితే అసలు కొలిమిలో పెట్టకండి, ఆ పొగ విషం. అరిగిన ఆకురాయిలో కార్బన్ సుమారు 1 శాతం, లారీ కమాన్ పట్టీలో 0.6 శాతం దగ్గర ఉంటుంది. రెండూ మంచివే. మొదటి చాకుకు మాత్రం 25 సెంటీమీటర్ల ఆకురాయి తీసుకోండి, సమ్మెటతో సాగగొట్టే పని ఉండదు.

చవక ఆకురాళ్లలో కొన్నింటికి పైపొర ఒక్కటే గట్టి. అందుకే కొసన చిన్న ముక్క కోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, చల్లారాక వైస్‌లో బిగించి గుడ్డ కప్పి కొట్టండి. పుటుక్కున విరిగితే పనికొస్తుంది. వంగితే పారేయండి.

మెత్తబరచడం, మలచడం

గట్టి ఆకురాయి మీద రంపం జారిపోతుంది. ముందు దాన్ని అయస్కాంతం అంటుకోనంత వేడికి (770 డిగ్రీల దగ్గర) కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. తర్వాత చాకు ఆకారం గీసి హాక్సాతో కోయండి. అలుగు (కోసే భాగం) 10–12 సెంటీమీటర్లు చాలు. పళ్ల గాట్లను పూర్తిగా అరగదీయండి. ముంచేటప్పుడు పగుళ్లు మొదలయ్యేది వాటి దగ్గరే. పిడి భాగంలో 5 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు ఇప్పుడే వేయాలి, గట్టిపడ్డాక డ్రిల్ దిగదు. వాదర (పదును పెట్టే అంచు) దగ్గర 1 మిల్లీమీటరు మందం ఉంచండి. ఇంకా పలచన చేస్తే ముంచగానే మెలి తిరుగుతుంది.

గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. చేతి తొడుగులు వద్దు, చక్రం లాగేస్తుంది.

గట్టిపరచడం

చాకు బాగోగులు తేలేది ఇక్కడే. మొదట అయస్కాంతం అంటనంత వేడికి కాల్చి గాలిలో నల్లబడేదాకా చల్లార్చండి. ఇలా మూడుసార్లు చేస్తే లోపలి రేణువులు సన్నబడి ఉక్కుకు బలం వస్తుంది. మూత ఉన్న లోతైన ఇనప డబ్బాలో రెండు మూడు లీటర్ల వంటనూనె పోసి 50–60 డిగ్రీలకు వేడి చేయండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు. నీళ్లలో ముంచితే ఆకురాయి ఉక్కు పగిలే అవకాశం ఎక్కువ.

వెలుతురు తక్కువ ఉన్నచోట నాలుగోసారి కాల్చండి. అయస్కాంతం వదిలాక రంగు ఇంకాస్త పెరగగానే, కొస కిందికి ఉండేలా పట్టకారుతో నిటారుగా దించండి. పైకీ కిందికీ ఆడించవచ్చు. పక్కలకు ఆడిస్తే వంగిపోతుంది. నూనె అంటుకుంటే మూత వేయండి, నీళ్లు మాత్రం పోయొద్దు. పసుపు రంగు దాకా కాల్చితే రేణువులు ముతకబడి ఉక్కు పెళుసవుతుంది.

చల్లారాక కొత్త ఆకురాయితో వాదర గీకి చూడండి. జారితే సరే. మొదటి గీతల్లో కాస్త పట్టుకున్నా కంగారు వద్దు, కార్బన్ పోయిన పలుచటి పైపొర అది. కిందా పట్టుకుంటుంటే మళ్లీ కాల్చాల్సిందే.

ఇప్పుడిది కింద పడినా విరిగేంత పెళుసు. ఆలస్యం చేయకుండా మెరిసేలా రుద్ది, 200 డిగ్రీల ఓవెన్లో రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి. ఎండుగడ్డి రంగు రావాలి. నీలం వచ్చిందంటే వేడి మించింది, పదును నిలవదు. ఓవెన్ మీది అంకెలు నమ్మకుండా లోపల థర్మామీటరు పెట్టడం మేలు.

పిడి, పదును

ఇక గ్రైండర్ మీద పనంతా తొడుగుల్లేని చేత్తోనే, వేడి తెలియాలి. ప్రతి రాపిడికీ నీళ్లలో ముంచండి; చేతికి చురుక్కుమంటే ఆపాలి. 10 మిల్లీమీటర్ల చెక్కలు రెండు తీసుకుని, అలుగు వైపు అంచులను ముందే నున్నగా చేయండి, అతికించాక అక్కడికి ఎమరీ కాగితం అందదు. ఎపాక్సీ పూసి, ఇత్తడి కడ్డీలు దూర్చి, ఒక రోజు బిగించి ఉంచండి. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికొస్తుంది.

పదును చివరనే. ఒక్కో పక్క 20 డిగ్రీల వాలులో సానరాయిపై రుద్దండి. తర్వాత వాడకంలో వాదర పెచ్చులూడితే 220 డిగ్రీల దగ్గర మరో రెండు గంటలు ఓవెన్లో పెట్టాలి, అందుకు ముందు పిడి ఊడదీయక తప్పదు. మడత పడుతుంటే మళ్లీ కొలిమికే.