ఫాంటసీ నవల సినిమాకు రెండో భాగం వస్తుందా, రాదా? లెక్క మీరే కట్టడం ఎలా?

నాలుగైదు భాగాల ఫాంటసీ నవలలో మొదటిది సినిమాగా వచ్చిందంటే, పుస్తకం చదివినవాళ్లకు ఒకటే గుబులు. మిగతా కథ తెర మీదికి వస్తుందా, ‘ఇంకా ఉంది’ దగ్గరే ఆగిపోతుందా? నల్లగొండలో అడిగినా, పాలమూరులో అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: “మూడు రోజులు హౌస్‌ఫుల్ ఆడింది కదా, ఎందుకు తీయరు?” హౌస్‌ఫుల్ బోర్డు చూసి చెప్పే జోస్యం చాలాసార్లు తప్పుతుంది. కౌంటర్లో పడిన రూపాయి ఎవరెవరి చేతులు దాటింది, రెండో భాగం తీయాల్సినవాళ్ల చేతికి చివరికి ఎంత చేరింది అన్నదే అసలు సంగతి. ఒక కాగితం, పెన్ను ఉంటే ఇంట్లో కూర్చుని వేసుకోగల లెక్క ఇది.

మొదటి పని: రెండో భాగం ఇప్పటికే తీసేశారేమో చూడండి

తీసేసి ఉంటే ఇక లెక్కతో పనే లేదు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగం 2001లో విడుదలయ్యేనాటికే మూడు భాగాల ప్రధాన షూటింగ్ అయిపోయింది. కల్కి రాసిన తమిళ నవల ‘పొన్నియిన్ సెల్వన్’ చారిత్రకమే అయినా ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ. రెండు భాగాలూ కలిపి తీశారు కాబట్టి 2022 సెప్టెంబరు 30న మొదటిది వస్తే, 2023 ఏప్రిల్ 28న రెండోది వచ్చేసింది. మొదటిది ఎంత ఆడినా ఆడకపోయినా రెండోది ఆగే పరిస్థితి లేదు.

కింద చెప్పేదంతా ఒక భాగం మాత్రమే తీసి, జనం ఏమంటారో చూసి ముందుకు పోదామనుకున్న సినిమాల గురించి.

రెండో పని: ఖర్చు రాసుకోండి, ప్రచారం ఖర్చు విడిగా

పత్రికల్లో వచ్చే బడ్జెట్ అంకె సాధారణంగా సినిమా తీయడానికి అయిన ఖర్చు మాత్రమే. పోస్టర్లు, ట్రైలర్లు, టీవీ ప్రకటనలు, దేశదేశాల ప్రచారం అందులో ఉండవు. పెద్ద హాలీవుడ్ సినిమాకు ఈ ఖర్చు నిర్మాణ వ్యయంలో సగం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పోతుంది. ఫాంటసీకి గ్రాఫిక్స్ భారం ఎలాగూ ఉండనే ఉంది.

మూడో పని: గ్రాస్‌ను (మొత్తం వసూళ్లను) షేర్‌గా మార్చండి

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మన దగ్గరి టికెట్టుతోనే చూద్దాం. 150 రూపాయల టికెట్టుకు 18 శాతం జీఎస్టీ కలిస్తే 177. పోస్టర్ మీద వేసే గ్రాస్ ఈ 177 లెక్కన. అందులో 27 రూపాయలు పన్ను. మిగిలిన 150లో థియేటర్ కిరాయో, పర్సంటేజీయో పోతుంది. ఆ తర్వాత మిగిలేదే షేర్. బయ్యర్, అంటే ఒక ఏరియాలో సినిమా ఆడించే హక్కు కొన్నవాడు, పొద్దున్నే ఫోన్ చేసి అడిగేది ఈ షేర్ గురించే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వసూళ్లు రెండూ నైజాం (సినిమా వ్యాపారంలో తెలంగాణ ఏరియా పేరు) ఖాతాలోకే పోతాయి కాబట్టి, వార్తల్లో ‘నైజాం షేర్’ అని కనిపిస్తే మన ఊరి టికెట్టు డబ్బులూ అందులో ఉన్నట్టే.

హాలీవుడ్ సినిమాకు సుమారు లెక్క ఇలా వేసుకోవచ్చు: అమెరికా వసూళ్లలో సగం, చైనా వసూళ్లలో నాలుగో వంతు, మిగతా దేశాల్లో 40 శాతం నిర్మాణ సంస్థకు చేరుతుంది. ఉదాహరణకు 15 కోట్ల డాలర్లతో తీసిన సినిమా అమెరికాలో 12 కోట్లు, చైనాలో 4 కోట్లు, మిగతా చోట్ల 20 కోట్లు రాబట్టిందనుకోండి. మొత్తం 36 కోట్లు. చూడ్డానికి ఖర్చుకు రెట్టింపు దాటింది. చేతికొచ్చేది మాత్రం 6, 1, 8 కలిపి 15 కోట్లు. తీసిన ఖర్చు తీరింది, ప్రచారం ఖర్చు ఇంకా తీరలేదు. బడ్జెట్‌కు రెండున్నర రెట్లు వస్తేనే గట్టెక్కినట్టు అని ట్రేడ్ వాళ్లు (సినిమా వ్యాపారంలో ఉన్నవాళ్లు) చెప్పే మాట సుమారు కొలత మాత్రమే.

నాలుగో పని: ఆ షేర్ ఎవరిదో కనుక్కోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిదీ ఇదే.

2007లో వచ్చిన ‘ద గోల్డెన్ కంపాస్’ను చూడండి. బడ్జెట్ దాదాపు 18 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వచ్చింది సుమారు 37 కోట్లు. అందులో అమెరికా వాటా 7 కోట్లు మాత్రమే, మిగతా 30 కోట్లూ బయటి దేశాలవి. బయట అంత ఆడిన సినిమాకు రెండో భాగం ఎందుకు రాలేదు? నిర్మాణ సంస్థ న్యూలైన్, ఖర్చు పూడ్చుకోవడానికి బయటి దేశాల హక్కులను ముందే అమ్మేసింది. ఆ దేశాల్లో వచ్చిన లాభం కొన్నవాళ్లకు పోయింది. అమెరికాలో పడిన దెబ్బ సంస్థకు మిగిలింది. 2008లో ఆ సంస్థే వార్నర్ బ్రదర్స్‌లో కలిసిపోయింది.

మన బయ్యర్ల భాషలో దాన్ని ఔట్‌రైట్ అమ్మకం అంటారు. ఏరియాను ఔట్‌రైట్‌గా అమ్మేశాక అక్కడ ఎంతొచ్చినా నిర్మాతకు కొత్తగా వచ్చేది లేదు. మినిమం గ్యారంటీ (బయ్యర్ తప్పక ఇచ్చే కనీస మొత్తం) మీద ఇస్తే, గ్యారంటీ దాటిన డబ్బులో వాటా ఉంటుంది. అడ్వాన్స్ మీద ఇస్తే వచ్చిందంతా కమీషన్ పోను నిర్మాతదే, తక్కువపడితే తిరిగి కట్టాల్సిందీ ఆయనే. అందుకే తెలుగు సినిమా అయితే ఏరియాలు ఏ పద్ధతిలో పోయాయో, ఎంతకు పోయాయో ముందు చూడండి. షేర్ ఆ ధరను దాటకపోతే, నిర్మాత ఈసారికి ఒడ్డున పడ్డా, రెండో భాగం పట్టుకుని మళ్లీ అదే బయ్యర్ల దగ్గరికే పోవాలి. నష్టపోయినవాళ్లు ముందటి ధర ఇవ్వరు. సీక్వెల్ చాలాసార్లు కూలేది ఆ బేరం దగ్గరే.

ఐదో పని: మొదటి శుక్రవారాన్ని కాదు, రెండో శనివారాన్ని చూడండి

నవల అభిమానులు మొదటి మూడు రోజుల్లోనే చూసేస్తారు. పుస్తకం చదవనివాళ్లు వచ్చేది తర్వాతే. రెండో శని, ఆదివారాల వసూళ్లు మొదటి వాటిలో సగానికి దగ్గరగా నిలబడితే కథ బయటివాళ్లకూ ఎక్కినట్టు. మూడో వంతుకు పడిపోతే అభిమానుల దగ్గరే ఆగిపోయినట్టు.

దీన్ని మీ ఊళ్లోనే పరీక్షించొచ్చు. పాలమూరులో ఏవీడీ సినిమాస్ ఉంది. టికెట్ల యాప్‌లో సోమవారం ఫస్ట్ షో సీట్ల పటం తెరవండి, షోకు పది నిమిషాల ముందు ఎన్ని నిండాయో రాసుకోండి. మరుసటి సోమవారం మళ్లీ చూడండి. నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తిలో తెలుగు డబ్బింగ్‌కు రెండో వారంలో కూడా షో ఉందా, తీసేశారా గమనించండి. డబ్బింగ్ ఫాంటసీని చిన్న పట్టణంలో రెండో వారం నిలబెట్టేది పిల్లలతో వచ్చే కుటుంబాలే, ఆ సందడి చూస్తే నాకు నిజంగా సంబరం. కాలం కూడా చూసుకోవాలి. సాగర్ ఆయకట్టులో నాట్లు జోరుగా పడే రోజుల్లో షోలు పలచబడితే ఆ తప్పు సినిమాది కాదు. దసరా సెలవుల్లో నిండితే ఆ ఘనతా పూర్తిగా సినిమాది కాదు.

అయితే మన పట్టణాల్లో చూసేది జనం నాడి వరకే. హాలీవుడ్ సినిమా భవిష్యత్తు తేలేది అమెరికా, చైనా, యూరప్ వసూళ్ల దగ్గర. తెలుగు ఫాంటసీ అయితే నైజాం మాటకు గట్టి బరువుంది.

ఆరో పని: రెండో భాగానికి ఎంతవుతుందో ఊహించండి

వచ్చిన లాభం పాత ఖర్చుకు సరిపోతే చాలదు, కొత్త ఖర్చుకు ధైర్యం ఇవ్వాలి. ‘నార్నియా’ మొదటి సినిమా 2005 డిసెంబరులో వచ్చి సుమారు 74 కోట్ల డాలర్లు రాబట్టింది. రెండోదాని బడ్జెట్ 18 కోట్ల నుంచి 22 కోట్లు దాటింది. క్రిస్మస్ సీజన్ వదిలి 2008 మే నెలలో, పెద్ద సినిమాల మధ్య దింపారు. వసూళ్లు 42 కోట్లకు పడ్డాయి. డిస్నీ పక్కకు తప్పుకుంది, మూడోది ఫాక్స్ చేతికి పోయి 2010లో వచ్చింది, ఆ వరసలో నాలుగోది రాలేదు.

బాల నటులు ఎదిగిపోతుంటారు కాబట్టి పిల్లల కథలకు మూడేళ్లు దాటిన ఆలస్యం ప్రమాదం. నవల హక్కులకూ గడువుంటుంది.

ఏడో పని: ఓటీటీ డబ్బు కలపండి

2021లో ‘డ్యూన్’ అమెరికాలో థియేటర్లలో, ఓటీటీలో ఒకే రోజు వచ్చింది. ఇది శాస్త్రకల్పన నవలే కానీ లెక్క ఒకటే. 16.5 కోట్ల డాలర్ల బడ్జెట్, వసూళ్లు 40 కోట్లు. రెండున్నర రెట్లకు కాస్త అటూ ఇటూ. అయినా అమెరికాలో విడుదలైన నాలుగు రోజులకే రెండో భాగం ప్రకటించారు. ఓటీటీలో చూసినవాళ్ల విలువను కూడా సంస్థ లెక్కలో వేసుకుందని నా నమ్మకం. తెలుగు సినిమాకు ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్ హక్కుల మొత్తాన్ని షేర్‌కు కలిపాకే తీర్పు చెప్పండి.

ఇక తీర్పు

షేర్, హక్కులు కలిపిన మొత్తం ఖర్చును, ప్రచారాన్ని దాటి, రెండో శనివారం నిలబడి, ఏరియాలు కొన్నవాళ్లూ బాగుపడితే రెండో భాగం మీద ఆశ పెట్టుకోవచ్చు. ఖర్చు మాత్రమే తీరితే తక్కువ బడ్జెట్‌లో వచ్చే అవకాశముంది. 9.5 కోట్ల డాలర్లతో తీసి 22 కోట్లు చూసిన 2010 నాటి ‘పెర్సీ జాక్సన్’కు మూడేళ్ల తర్వాత కాస్త తక్కువ ఖర్చుతో రెండోది వచ్చింది, మూడోది రాలేదు.

“స్క్రిప్ట్ రాయిస్తున్నాం” అన్న వార్తను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ‘గోల్డెన్ కంపాస్’ రెండో భాగానికీ రచయితను పెట్టుకున్నారు. షూటింగ్ మొదలైన తేదీ, విడుదల తేదీ రెండూ బయటికి వచ్చేదాకా మీ కాగితం మీద ‘రావచ్చు’ అనే రాసి ఉంచండి. ‘గోల్డెన్ కంపాస్’ కథ చివరికి 2019 నుంచి, మళ్లీ మొదటి నుంచీ, టీవీ సిరీస్‌గా వచ్చింది, కాబట్టి సినిమా ఆగిందని తేలితే హక్కులు ఎప్పుడు, ఎవరి చేతికి పోతున్నాయో ఆ వార్తల మీద ఒక కన్నేసి ఉంచండి.