ప్రసంగ పరిశీలన, మూడవ పాఠం: వాక్యభాగం ఏమన్నది, ప్రసంగం ఏమన్నది

గత పాఠంలో ప్రసంగం వింటూ రాసుకున్న గమనికలను ముందు పెట్టుకొని ఈ పాఠం మొదలుపెట్టండి. గొంతు, హావభావాలు, సమయపాలన తరువాతి పాఠానికి ఉంచుదాం. మొదట వాటినే తూచడానికి అలవాటుపడినవారు వాగ్ధాటికి మురిసిపోయి, దేవుని వాక్యాన్ని నమ్మకంగా విప్పి చెప్పిన నెమ్మదైన బోధకుణ్ణి తక్కువ చేస్తారు.

ముందుగా వాక్యభాగాన్ని, అంటే ప్రసంగానికి ఆధారంగా తీసుకున్న బైబిలు భాగాన్ని, దాని ముందు వెనుకల వచనాలతో కలిపి చదివి, అది చెప్పే సంగతిని ఒక్క వాక్యంలో రాయండి. తరువాత బైబిలు మూసి, గమనికలను బట్టి ప్రసంగం చెప్పిన సంగతిని మరొక వాక్యంలో రాయండి. రెండవది ఎంతకీ కుదరకపోతే, బోధకుణ్ణి అనేముందు మీరు శ్రద్ధగా విన్నారో లేదో చూసుకోండి.

ఒక బోధకుడు ఫిలిప్పీ 4:13ను, అంటే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వచనాన్ని తీసుకొని, పరీక్షలు రాయబోయే యువకులకు ధైర్యం చెప్పాడనుకుందాం. ప్రసంగ వాక్యం ఇలా తేలుతుంది: "క్రీస్తు సహాయంతో అనుకున్నది సాధిస్తాం." అయితే 11, 12 వచనాలలో, ఈ పత్రిక రాసిన, చెరసాలలో ఉన్న పౌలు ఆకలిలోనూ సమృద్ధిలోనూ సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని అంటున్నాడు గనుక, వాక్యభాగం చెప్పేది "కలిమి అయినా లేమి అయినా క్రీస్తు బలంతో నిలబడగలను" అని. బోధకుడు చెప్పినది దుర్బోధ అనలేం. శ్రమించేవారికి దేవుడు తోడుంటాడన్న మాటకు వేరే లేఖనాల ఆధారం దొరకవచ్చు. ఈ వచనం మాత్రం దాన్ని మోయదు. తప్పు బోధ వేరు, మంచి బోధను సంబంధం లేని వచనానికి తగిలించడం వేరు. ఈ తేడా తెలియని విమర్శకుడి వల్ల సంఘంలో అనవసరమైన గొడవలు పుడతాయి.

ఇక చెప్పే తీరు. "మీరు సందర్భం వదిలేశారు" అంటే అది తీర్పు. "పరీక్షల ఉదాహరణ విన్నప్పుడు 'సమస్తము' అంటే విజయమని నాకు అర్థమైందండి. 12వ వచనంలోని ఆకలి, లేమి ఆ ఉదాహరణలో ఎక్కడ ఇముడుతాయి?" అంటే, ఆయన మళ్లీ బైబిలు తెరుస్తాడు. "ప్రసంగం చాలా బాగుందండి" అన్న మాట మర్యాదే కానీ, దానివల్ల వచ్చే ఆదివారం ఏమీ మారదు.

అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో అనే బోధకుడు లేఖనాలలో ప్రవీణుడు, కానీ యోహాను బాప్తిస్మము వరకే ఎరిగినవాడు. అతని బోధ విన్న అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు సమాజమందిరంలో లేచి అడ్డుకోలేదు. అతన్ని తమతో చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. ఆ వెంటనే 27వ వచనంలో, అతన్ని చేర్చుకోమని సహోదరులు అకయలోని శిష్యులకు ఉత్తరం రాయడం గమనించండి. దిద్దుబాటు అతని పరిచర్యను ఆపలేదు.

అభ్యాసం: యిర్మీయా 29:11పై మీరు విన్న ఒక ప్రసంగాన్ని తీసుకోండి. చెరలో ఉన్నవారికి డెబ్బది సంవత్సరాల గడువు చెప్పిన 10వ వచనంతో కలిపి చదివి, రెండు వాక్యాలూ, బోధకుణ్ణి అడగదగిన ఒక్క ప్రశ్నా రాసి ఉంచండి. నాలుగవ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.